2003 క్వాలిస్: పొద్దున్నే మిస్సింగ్, తెల్ల పొగ. పంపు దించాలంటున్నారు, ఏం చేయమంటారు?

కుందూ_ఒడ్డు (నంద్యాల) | డిసెంబర్ 3, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది 2003 టయోటా క్వాలిస్. 2.4 లీటర్ల డీజిల్ ఇంజిన్, 2,90,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్న కొన్న బండి. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. ప్రతి పదిహేను రోజులకు అమ్మను కర్నూలు ఆసుపత్రికి దీంట్లోనే తీసుకెళ్తాను. కాబట్టి ఇది షెడ్డులో నిలబెట్టుకునే బండి కాదు, నడవాలి.

రెండు నెలల నుంచి పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోంది. అందుకున్నాక రెండు మూడు నిమిషాలు ఇంజిన్ ఊగిపోతుంది, మిస్సింగ్ కొడుతుంది (డీజిల్ సరిగా మండక తడబడుతుంది), వెనక తెల్ల పొగ. తర్వాత కాస్త సర్దుకుంటుంది గానీ స్లో స్పీడులో, అంటే బండి ఆగి యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఇంజిన్ వేగం చూపే మీటరు సూది పైకీ కిందకీ ఆడుతూనే ఉంటుంది. మొన్న గిద్దలూరు ఘాట్ ఎక్కుతుంటే మూడో గేరులో లాగలేక రెండుకి దిగింది. ఇంతకుముందు ఎప్పుడూ అలా లేదు.

ఇక్కడ ఒక వర్క్‌షాపులో చూపించాను. డీజిల్ ఫిల్టర్ మార్చారు, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ తీసి వాటి మొనలు, అదే నాజిల్స్, కొత్తవి వేయించారు. 14,000 అయింది. తేడా లేదు. ఇప్పుడు ఇంజెక్టర్లకు డీజిల్ పంపే పంపు దించాలి, బోరు (సిలిండర్ లోపలి గోడ) కూడా అరిగిపోయి ఉండొచ్చు, మొత్తం 65,000 దాకా అవుతుంది అంటున్నారు. సరే అనేముందు ఇక్కడ అడుగుతున్నాను.

పాలేరు_గాలి (ఖమ్మం) | డిసెంబర్ 3, రాత్రి 9:48

అన్నా, దాదాపు మూడు లక్షలు తిరిగింది, తెల్ల పొగ, పికప్ లేదు. ఇది కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) పోయిన కేసే. మా మామయ్య సుమోకి ఇలాగే అయితే ఇంజిన్ విప్పించి హాఫ్ ఇంజిన్ పని చేయించారు. అప్పటిదాకా ట్యాంకులో రెండు లీటర్ల కిరోసిన్ కలిపి చూడండి, నాజిల్స్ శుభ్రపడతాయి.

ఆటోనగర్_పంపుషాపు (విజయవాడ) | డిసెంబర్ 4, ఉదయం 6:05

కిరోసిన్ మాత్రం పోయకండి. క్వాలిస్‌లో ఉన్నది రోటరీ పంపు. దాని లోపలి భాగాలకు నూనె అంటూ విడిగా లేదు, వాటి గుండా పారే డీజిలే నూనె. కిరోసిన్‌లో ఆ జిడ్డు ఉండదు. బాగున్న పంపును మనమే అరగదీసినట్టవుతుంది. నేను ముప్పై ఏళ్లు పంపు షాపులో పనిచేసి రిటైరయ్యాను. మా బెంచీ మీదికి వచ్చిన పంపుల్లో చాలావాటికి ఏ రోగమూ ఉండేది కాదు. బయట ఎక్కడో పైపు దగ్గర జబ్బు ఉంటే పంపు దించి పంపేవారు. అందుకే కంగారు పడొద్దని చెబుతున్నాను.

బాబూ, ముందు వీటికి జవాబులు ఇవ్వండి. పొగ కళ్లు మండిస్తోందా, ఆవిరిలా తేలిపోతోందా? రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయా? ఇంజిన్ ఆయిల్ తాగుతోందా? మధ్యాహ్నం ఒక గంట ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎలా ఉంది? ముఖ్యంగా, ఫిల్టర్ మార్చాక తగ్గిందా, పెరిగిందా?

కుందూ_ఒడ్డు | డిసెంబర్ 4, ఉదయం 8:30

పొగ కళ్లు మండిస్తోంది సార్, పచ్చి డీజిల్ వాసన. నీళ్లు తగ్గడం లేదు. ఆయిల్ 5,000 కిలోమీటర్లకు అర లీటరు లోపే పోస్తున్నాను. మధ్యాహ్నం గంట ఆపి తీస్తే ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటుంది.

మీరు అడిగాక గుర్తొచ్చింది. ఫిల్టర్ మార్చిన మూడు రోజుల నుంచి ఎక్కువైంది. అప్పటిదాకా పొద్దున ఐదు సెకన్లు కొడితే సరిపోయేది, ఇప్పుడు పదిహేను. ఇంకోటి, మా ఇంటి ముందు ర్యాంపు మీద ముందు భాగం ఎత్తుగా పెట్టి ఉంచిన రోజు మరీ కష్టం. రోడ్డు మీద సమంగా పెట్టినప్పుడు కాస్త నయం.

ఎడారి_పానా (సౌదీ, ఊరు కడప జిల్లా) | డిసెంబర్ 4, మధ్యాహ్నం 1:15

ర్యాంపు మాట చెప్పారు చూడండి, అక్కడే దొరికింది అన్నా. ఇది గాలి.

ఇక్కడ గ్యారేజీలో పదకొండేళ్లుగా హైలక్స్‌లు, హైఏస్‌లు చూస్తున్నాను. ఆ పాత డీజిల్ బళ్లలో మీ ఇంజిన్ కుటుంబమే ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ను ఎవరూ తోయరు, పంపే పీల్చుకుంటుంది. స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు. స్ట్రాకి చిన్న పగులుంటే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి వస్తుంది. అందుకే కింద ఒక్క చుక్క కూడా కనిపించదు, మెకానిక్‌కి అనుమానమూ రాదు. రాత్రంతా నిలబెడితే ఆ సందులోంచి గాలి దూరి, పైపులో ఉన్న డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. ముందు భాగం ఎత్తులో ఉంటే ఇంకా తొందరగా జారుతుంది.

రేపు పొద్దున ఒక్క పని చేయండి. తాళం తిప్పకముందు బానెట్ ఎత్తి, ఫిల్టర్ నెత్తిన ఉండే ప్రైమర్‌ను (చేత్తో నొక్కి డీజిల్ లాగే చిన్న పంపు) అరచేత్తో కొట్టండి. మొదట మెత్తగా ఉంటుంది, కొట్టగా కొట్టగా గట్టిపడుతుంది. గట్టిపడ్డాక తాళం తిప్పి, మీటర్లో హీటర్ లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే గాలే.

వరంగల్_వోల్ట్ (హన్మకొండ) | డిసెంబర్ 4, సాయంత్రం 7:20

పానా అన్న చెప్పింది నిజమే కావచ్చు. కానీ హీటర్ ప్లగ్గులను, అంటే స్టార్ట్ చేసేముందు ఇంజిన్ లోపల వేడి పుట్టించేవాటిని, వదిలేయొద్దు. నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని, చలికాలం వస్తే నా దగ్గరికి వచ్చే డీజిల్ బళ్లలో సగం ఇవే.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు కదా, గాలిని నొక్కిన వేడికే డీజిల్ అంటుకోవాలి. మీ ఇంజిన్‌లో గాలిని దాదాపు 22 వంతుల్లో ఒక వంతుకి నొక్కుతుంది. అయితే డీజిల్ పడేది నేరుగా పిస్టన్ మీద కాదు, సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్‌లో ఉన్న చిన్న గదిలో. చల్లగా ఉన్నప్పుడు ఆ గది గోడలే వేడిని మింగేస్తాయి, అందుకే ఈ రకం ఇంజిన్లకు ప్లగ్గులు తప్పనిసరి. నాలుగూ పోతే మీ ఊరి వేడికి కూడా పొద్దున ఏడిపిస్తుంది. ఒకటో రెండో పోతే స్టార్ట్ అవుతుంది గానీ ఆ సిలిండర్లు వేడెక్కేదాకా మిస్సింగ్, తెల్ల పొగ. మీరు చెప్పిన రెండు మూడు నిమిషాల లెక్క సరిగ్గా దీనికి సరిపోతుంది.

పరీక్ష తేలిక. నాలుగు ప్లగ్గులనూ కలిపే లోహపు పట్టీ ఉంటుంది, దాన్ని విప్పేయాలి. పట్టీ ఉండగా కొలిస్తే అన్నీ కలిసిపోయి మోసం చేస్తాయి. తర్వాత మల్టీమీటర్ ఒక కొన ప్లగ్ తల మీద, ఇంకోటి ఇంజిన్ బాడీ మీద. బాగున్న ప్లగ్ ఒక ఓమ్ అటూఇటూ చూపిస్తుంది. పోయినది అసలు కదలదు. బ్యాటరీ వైరు తెచ్చి నేరుగా తగిలించి చూడమని ఎవరైనా చెబితే వినకండి, కొన్ని ప్లగ్గులు 12 వోల్టులవి కావు, తక్కువ వోల్టేజివి. క్షణాల్లో మాడిపోతాయి.

కుందూ_ఒడ్డు | డిసెంబర్ 5, ఉదయం 7:50

ఈ రోజు పొద్దున ప్రైమర్ కొట్టాను. దాదాపు నలభై సార్లు కొడితే గానీ గట్టిపడలేదు. తర్వాత సెల్ఫ్ కొడితే రెండు సెకన్లలో అందుకుంది! రెండు నెలలలో ఇలా ఎప్పుడూ లేదు. అమ్మ లోపల్నుంచి ‘అప్పుడే స్టార్ట్ అయిందా’ అని అడిగింది.

కానీ మిస్సింగ్ పోలేదు. నిమిషంన్నర దాకా తెల్ల పొగతో ఊగింది, తర్వాత తగ్గింది. స్లో స్పీడులో సూది ఆట అలాగే ఉంది. మరి గాలి కాదా?

ఆటోనగర్_పంపుషాపు | డిసెంబర్ 5, ఉదయం 9:00

గాలే. కాకపోతే గాలి ఒక్కటే కాదు. పాత బండికి ఒకే జబ్బు ఉండాలని లేదు, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. పంపు మీద ఇంత డబ్బు పెట్టేముందు పంపును వేరుచేసి చూడండి.

మీటరున్నర కొత్త డీజిల్ పైపు, ఐదు లీటర్ల శుభ్రమైన క్యాను తీసుకోండి. పంపులోకి వచ్చే పైపు విప్పి, కొత్త పైపుతో క్యాన్‌లోంచి నేరుగా పంపుకి ఇవ్వండి. పంపు నుంచి వెనక్కి పోయే రిటర్న్ పైపును కూడా ఆ క్యాన్‌లోకే వదలండి. క్యాను పంపు కంటే ఎత్తులో కట్టండి. పొయ్యి, బీడీ దగ్గరలో ఉండకూడదు. ఇప్పుడు ట్యాంకు, పాత పైపులు, ఫిల్టర్ అన్నీ లెక్కలోంచి పోయాయి. ఇలా నడిపినప్పుడు సూది నిలబడితే పంపు తప్పు లేదు. అప్పటికీ ఆడితే నేనే చెబుతాను, పంపు దించమని.

కంప్రెషన్ సంగతి కూడా చెప్పేస్తాను, బోరు పోయిందని భయపెడుతున్నారు కాబట్టి. ఈ ఇంజిన్‌కి కొత్తలో చదరపు సెంటీమీటరుకు 32 కిలోలు ఉండాలి, 20కి తగ్గకూడదు, ఒక సిలిండర్‌కీ ఇంకోదానికీ మధ్య 5 కిలోలకు మించి తేడా రాకూడదు. గేజి పెట్టి ఈ అంకెలు కాగితం మీద రాసివ్వకుండా ‘బోరు పోయింది’ అనేవాళ్ల మాట పట్టించుకోవద్దు. పెట్రోల్ బండి గేజి దీనికి పనికిరాదు, డీజిల్ గేజే కావాలి. మీది అర లీటరు ఆయిలే తాగుతోంది, వేడి మీద ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటోంది. నాకైతే బోరు మీద అనుమానం లేదు.

స్విఫ్ట్_రాజంపేట | డిసెంబర్ 5, మధ్యాహ్నం 12:40

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది 2012 స్విఫ్ట్ డీజిల్, 1248 సీసీ. నాకూ పొద్దున ఇలాగే ఊగుతోంది. ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో తెలుసుకోవచ్చని ఎక్కడో చూశాను. చేయొచ్చా?

ఆటోనగర్_పంపుషాపు | డిసెంబర్ 5, మధ్యాహ్నం 12:58

చేయకండి. దయచేసి చేయకండి. మీది కామన్ రెయిల్, అంటే నాలుగు ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టంలోంచి భారీ ఒత్తిడితో డీజిల్ వచ్చే రకం. ఆ పైపుల్లో ఒత్తిడి 1000 బార్ (బయటి గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు) దాటి కూడా వెళ్తుంది. సూది మొనంత సందులోంచి వచ్చిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిపోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. గంటల్లో వేలు నల్లబడుతుంది. మా షాపులో ఒక కుర్రాడికి రెండు వేళ్లు తీసేశారు. ఎవరికైనా అలా తగిలితే, చిన్నదే కదా అని ఊరుకోకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మీ బండికి పద్ధతి వేరు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్‌లను నాలుగు సీసాల్లో పట్టి, ఏది ఎక్కువ వదులుతోందో చూస్తారు. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ కూడా కావాలి. విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడదాం.

కుందూ_ఒడ్డు | డిసెంబర్ 7, రాత్రి 8:15

ఆదివారం అంతా బండి దగ్గరే. సార్ చెప్పినట్టు క్యాను కట్టి నడిపాను. సూది నిలబడిపోయింది! పది నిమిషాలు చూశాను, కదల్లేదు. రేస్ చేస్తే గొంతు కూడా మారింది, ముందు బొంగురుగా ఉండేది. పంపు బాగుందని అర్థమైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే. ఆ డబ్బు నా దగ్గర లేదు, అప్పు కోసం ఒకరిని అడిగి ఉన్నాను.

ఇప్పుడు గాలి ఎక్కడ దూరుతోందో ఎలా పట్టుకోవాలి? సబ్బు నీళ్లు పూస్తే బుడగలు వస్తాయా?

ఎడారి_పానా | డిసెంబర్ 7, రాత్రి 10:30

సబ్బు నీళ్లతో కనిపించదు అన్నా, గాలి లోపలికి పోతోంది కదా, బయటికి రాదు. పారదర్శకంగా ఉండే పైపు ముక్క ఒక జానెడు కొనండి, డీజిల్‌కి తట్టుకునేది. మొదట ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య పెట్టండి. బుడగలు కనిపిస్తాయి. తర్వాత ట్యాంకు వైపు నుంచి ఫిల్టర్‌లోకి వచ్చే చోట పెట్టండి. అక్కడ కూడా బుడగలుంటే జబ్బు వెనక పైపుల్లో. అక్కడ లేకపోతే ఫిల్టర్ తలలోనే.

నా అనుమానం ఫిల్టర్ తల మీదే. ప్రైమర్ లోపల రబ్బరు పొర ఉంటుంది. ఇన్నేళ్ల రబ్బరు, ఏ కంపెనీదైనా ఎండిపోతుంది. పైగా కొత్త ఫిల్టర్ వేసేటప్పుడు కింద ఉన్న నీటి సెన్సార్‌ను పాత ఫిల్టర్ నుంచి విప్పి కొత్తదానికి బిగించాలి, దానికో రబ్బరు రింగు ఉంటుంది. ఆ రింగు మెలిపడినా, పాతదే వేసినా గాలి పీలుస్తుంది. ఫిల్టర్ మార్చాక ఎక్కువైందని మీరు మొదట్లోనే చెప్పారు.

పాలేరు_గాలి | డిసెంబర్ 7, రాత్రి 11:05

నేను కంప్రెషన్ అని తొందరపడ్డాను. కిరోసిన్ మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఈ క్యాను పద్ధతి మామయ్యకు అప్పుడే తెలిసి ఉంటే బాగుండేది.

కుందూ_ఒడ్డు | డిసెంబర్ 10, రాత్రి 9:40

పానా అన్నా, మీరు సౌదీలో కూర్చుని నంద్యాలలో ఉన్న బండిని చూసినట్టు చెప్పారు. ఫిల్టర్ ముందు ఒక్క బుడగ లేదు, ఫిల్టర్ తర్వాత వరసగా బుడగలు. ప్రైమర్ విప్పితే రబ్బరు పొర అంచున గోరంత పగులు. సెన్సార్ రింగు అయితే ఒక పక్క నొక్కుకుపోయి చదునుగా ఉంది, కొత్తది వేయనే లేదు. ప్రైమర్ మొత్తం సెట్టు కర్నూలు నుంచి తెప్పించాను, 1,850. రింగు 40 రూపాయలు.

వోల్ట్ అన్నా, ప్లగ్గులు కూడా కొలిచాను. ఒకటి, మూడు ఒక ఓమ్ లోపు. రెండు, నాలుగు కదల్లేదు. రెండూ పోయాయి.

వరంగల్_వోల్ట్ | డిసెంబర్ 10, రాత్రి 10:02

రెండే పోయినా నాలుగూ మార్చండి, ఒకే రకానివి. పాతదాని మీద రాసి ఉన్న వోల్టేజిని చూసి అదే కొనండి. విప్పేటప్పుడు మాత్రం చాలా నిదానం. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తిప్పండి. బిగుసుకుంటే బలం పెట్టొద్దు, కాస్త ముందుకీ కాస్త వెనక్కీ ఆడించాలి. ప్లగ్ హెడ్‌లో విరిగితే హెడ్ దించాల్సి వస్తుంది. ప్లగ్గులకు కరెంటు వదిలే స్విచ్చు, అదే రిలే, నుంచి పట్టీకి కరెంటు వస్తోందో లేదో కూడా తాళం తిప్పి చూడండి.

కుందూ_ఒడ్డు | డిసెంబర్ 13, మధ్యాహ్నం 2:20

నాలుగు ప్లగ్గులూ మార్చాను. నాలుగోది వదలడానికి గంటన్నర పట్టింది, చేతులు వణికాయి గానీ విరగలేదు. ఈ రోజు పొద్దున ర్యాంపు మీంచే స్టార్ట్ చేశాను, ప్రైమర్ ముట్టుకోకుండా. రెండు సెకన్లు. పొగ లేనట్టే.

ఒక్కటి మిగిలింది. వేడెక్కాక కూడా స్లో స్పీడులో స్టీరింగ్‌కి సన్నగా వణుకు తెలుస్తోంది. సూది స్థిరంగానే ఉంది. ఇంజిన్ మౌంటింగులు చూశాను, రబ్బరు బాగానే ఉంది. బానెట్ ఎత్తి వింటే ‘చఫ్ చఫ్’ అని మెల్లగా శబ్దం.

ఆటోనగర్_పంపుషాపు | డిసెంబర్ 13, సాయంత్రం 4:45

ఆ శబ్దం విషయం చెప్పడం మంచిదైంది. స్విఫ్ట్ అబ్బాయికి వద్దన్న నట్టు పరీక్ష మీ బండికి చేయొచ్చు, మీది పాత రకం పంపు. అయినా కళ్లద్దాలు పెట్టుకోండి, నట్టు చుట్టూ గుడ్డ చుట్టండి, డీజిల్ వచ్చే వైపు చెయ్యి పెట్టొద్దు. ఇంజిన్ స్లో స్పీడులో ఉండగా ఇంజెక్టర్ పైన ఉన్న నట్టును 17 పానాతో పావు చుట్టు వదులు చేయండి, గమనించి వెంటనే బిగించండి. బాగున్న సిలిండర్ నట్టు వదిలితే ఇంజిన్ ఒక్కసారి కుంటుతుంది. వదిలినా తేడా తెలియలేదంటే ఆ సిలిండర్ అప్పటికే సరిగా పనిచేయడం లేదు. తర్వాత ఆ ఇంజెక్టర్ మొదలు దగ్గర తడిగా నల్ల మసి ఉందేమో టార్చి వేసి చూడండి.

కుందూ_ఒడ్డు | డిసెంబర్ 13, సాయంత్రం 6:10

ఒకటి, రెండు, నాలుగు వదిలితే బండి కుంటింది. మూడో దానికి పెద్ద తేడా లేదు. మూడో ఇంజెక్టర్ మొదట్లో నల్లటి తడి మసి గడ్డ కట్టి ఉంది.

ఆటోనగర్_పంపుషాపు | డిసెంబర్ 13, సాయంత్రం 6:25

అది నాజిల్ తప్పు కాదు, కింద వాషర్ తప్పు. ఇంజెక్టర్ తీసిన ప్రతిసారీ అడుగున ఉండే సీటు వాషర్ కొత్తది వేయాలి. పాతది చాలాసార్లు గుంటలోనే అతుక్కుని ఉంటుంది. చూసుకోకుండా దాని మీద కొత్తది పెడితే రెండవుతాయి, ఇంజెక్టర్ పైకి లేచి పక్కనుంచి కంప్రెషన్ కారుతుంది. మీరు విన్న ‘చఫ్ చఫ్’ అదే. టార్చి వేసి గుంట అడుగు చూడండి, వంచిన సన్నటి తీగతో పాత వాషర్ పైకి వస్తుంది. గుంటలో మసి తుడిచేటప్పుడు లోపలికి పడనివ్వకండి. వాషర్‌కి పైవైపు, కిందవైపు ఉంటాయి, తిరగేసి పెట్టొద్దు. బిగించేది ఎంత బలం పడుతోందో కొలిచే టార్క్ పానాతోనే, అందాజాగా కాదు.

కుందూ_ఒడ్డు | డిసెంబర్ 15, రాత్రి 8:55

రెండు ఉన్నాయి సార్. కింద పాతది, పైన కొత్తది. ఫొటో పెడుతున్నాను చూడండి. ఎవరి మీదా కోపం లేదు, కానీ ఈ వాషర్ వల్ల ఇంజిన్ పని అని చెప్పి ఎంత ఖర్చు పెట్టించేవారో తలుచుకుంటే గుండె ఝల్లుమంటోంది.

ఇప్పుడు స్టీరింగ్ మీద వణుకు లేదు. మొత్తం ఖర్చు ప్రైమర్, రింగు, నాలుగు ప్లగ్గులు, వాషర్లు, పైపులు కలిపి 6,000 దాటలేదు. ఈ రోజు సాయంత్రం గిద్దలూరు ఘాట్ మీద మళ్లీ ఎక్కించి చూశాను. మూడో గేరులోనే పైదాకా వచ్చింది. అమ్మ కూడా వచ్చింది, కిటికీ దించి కూర్చుంది.

ఆటోనగర్_పంపుషాపు | డిసెంబర్ 15, రాత్రి 9:20

చాలా సంతోషం బాబూ. ఒక్క మాట, ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు? దీనికి లక్ష కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. మీటర్లో టీ-బెల్ట్ లైటు ఉంటుంది, అది వెలిగినట్టు గుర్తుందా?

కుందూ_ఒడ్డు | డిసెంబర్ 15, రాత్రి 9:45

నాన్న డైరీ తీసి చూశాను. ఆయన ప్రతి పనీ రాసుకునేవారు. ‘1,96,400 దగ్గర బెల్టు, టెన్షనర్’ అని ఉంది. అంటే 93,600 తిరిగింది. కర్నూలు వెళ్లేలోపే మార్పిస్తాను. సోమవారానికి చెప్పి పెట్టాను, పని జరిగేటప్పుడు పక్కనే నిలబడతాను. డైరీలో తర్వాతి పేజీ నుంచి ఇక నేను రాస్తాను.